బ్యాటరీలో లోహ మలినాలు: ఎలా చేరతాయి, ఎలా పట్టుకోవాలి, ఎలా ఆపాలి

ఇన్వర్టర్ బ్యాటరీ రెండేళ్లకే నీరసపడిపోతే ముందు కంపెనీని తిడతాం, తర్వాత కరెంటు కోతల్ని తిడతాం. ఆ రెండేళ్లలో అందులో ఏ నీళ్లు పోశామో మాత్రం ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. ట్యూబులర్ ఇన్వర్టర్ బ్యాటరీలకు, చాలా ట్రాక్టర్, లారీ బ్యాటరీలకు అప్పుడప్పుడూ మూత తీసి నీళ్లు పోయాలి. మూత తీసిన ప్రతిసారీ రాగి, ఇనుము, నికెల్ లాంటివి రవ్వంత లోపలికి పోయే వీలుంది.

ముందే ఒక విషయం మనసులో పెట్టుకుంటే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. బ్యాటరీలోంచి తగ్గేది దాదాపుగా నీరే. ఆ నీళ్లతోపాటు వచ్చిన లోహాలు, లవణాలు లోపలే ఉండిపోతాయి. అందుకే ఒక్కసారి చూస్తే లెక్కలోకి రానంత మలినం నాలుగైదేళ్లలో పోగై బ్యాటరీని తినేస్తుంది.

మొదటి అడుగు: లోపల ఏం జరుగుతుందో తెలుసుకోండి

ఒక్కో సెల్‌లో నెగటివ్ ప్లేటు మీద గుల్లగా ఉండే స్పాంజి సీసం, పాజిటివ్ ప్లేటులో లెడ్ డయాక్సైడ్, మధ్యలో సల్ఫ్యూరిక్ యాసిడ్ కలిపిన నీరు ఉంటాయి. సెల్ వోల్టేజి 2కు కాస్త పైన. 12 వోల్టుల బ్యాటరీ అంటే అలాంటివి ఆరు.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడగొట్టడానికి సిద్ధాంతం ప్రకారం 1.23 వోల్టులు చాలు. సెల్‌లో ఉన్నది 2 వోల్టుల పైమాటే. అంటే ఊరికే పెట్టి ఉంచినా బ్యాటరీ తన నీళ్లను తానే విడగొట్టుకుంటూ ఖాళీ అయిపోవాలి. అలా కాకపోవడానికి కారణం సీసమే. స్వచ్ఛమైన సీసం మీద హైడ్రోజన్ అంత సులువుగా పుట్టదు, అదనంగా చాలా వోల్టేజి తోస్తేనే బుడగ కడుతుంది. ఈ గుణాన్ని హైడ్రోజన్ ఓవర్‌వోల్టేజి అంటారు. 1859లో గాస్టన్ ప్లాంటే తయారుచేసిన ఈ బ్యాటరీ ఇప్పటికీ బతికి ఉండటానికి సగం కారణం సీసానికున్న ఈ మొండితనమే అంటాను.

రాగి, నికెల్, ప్లాటినం లాంటి లోహాలకు ఆ మొండితనం లేదు. వాటి మీద హైడ్రోజన్ సులువుగా పుడుతుంది. అలాంటి లోహం నెగటివ్ ప్లేటు మీద అక్కడక్కడా పూతలా అంటుకున్నా చాలు, ఆ చోట్ల హైడ్రోజన్ బయటికి పోతూ ఉంటుంది, పక్కనున్న సీసం లెడ్ సల్ఫేట్‌గా మారుతూ ఉంటుంది. వైర్లన్నీ విప్పేసి మూల పెట్టినా ఈ పని ఆగదు. ఇదే సెల్ఫ్ డిశ్చార్జి. ఇలా 1 ఆంపియర్-అవర్ (ఒక ఆంపియర్ కరెంటు గంటసేపు పారితే అయ్యే చార్జి) పోయిందంటే ఆ సెల్ నుంచి సుమారు 0.42 లీటరు హైడ్రోజన్ బయటికి వచ్చిందని అర్థం.

చార్జింగ్ పెట్టినప్పుడు నష్టం ఇంకో రకంగా ఉంటుంది. ప్లేటును నింపాల్సిన కరెంటులో కొంత నీటిని విడగొట్టడానికి పోతుంది. ప్రతి 1 ఆంపియర్-అవర్ అలా వృథా అయితే ఒక్కో సెల్‌లో 0.336 గ్రాముల నీరు పోతుంది. ఆరు సెల్‌ల బ్యాటరీలో 100 ఆంపియర్-అవర్లు వృథా అయితే 200 గ్రాములు. పైకి చార్జింగ్ అయినట్టే ఉంటుంది. లోపల మాత్రం నెగటివ్ ప్లేటు ఎప్పటికీ పూర్తిగా నిండదు. నిండని ప్లేటు మీద సల్ఫేట్ గట్టిపడిపోతుంది. "నీళ్లు తెగ తాగుతోంది, బ్యాకప్ మాత్రం రావట్లేదు" అని షాపుల్లో వినిపించే ఫిర్యాదుకు అర్థం చాలాసార్లు ఇదే.

రెండో అడుగు: ఏ లోహం ఏం చేస్తుందో విడివిడిగా చూడండి

అన్ని మలినాలకూ ఒకే రకంగా భయపడక్కర్లేదు. అవి చేసే పనిని బట్టి చూడాలి.

నెగటివ్ ప్లేటు మీద కూర్చునేవి మొదటి రకం: రాగి, నికెల్, కోబాల్ట్, వెండి, టెల్యూరియం, యాంటిమొనీ. వీటిలో నికెల్, టెల్యూరియం మరీ ప్రమాదకరం, పది లక్షల్లో ఒకటి రెండు వంతులు చేరినా గ్యాస్ పెరగడం కనిపిస్తుంది. ఇవి ఒకసారి ప్లేటు మీద అంటుకున్నాయంటే యాసిడ్ మార్చినా చాలావరకు అక్కడే ఉంటాయి.

యాంటిమొనీది వేరే కథ. అది బయటి నుంచి రాదు, కంపెనీవాళ్లే కలుపుతారు. మెత్తటి సీసానికి గట్టిదనం ఇవ్వడానికి, చార్జి-డిశ్చార్జి చక్రాలు ఎక్కువ తట్టుకోవడానికి పాజిటివ్ ప్లేటు చట్రంలో కలిపే లోహం అది. పాత బ్యాటరీల్లో 5 నుంచి 11 శాతం దాకా ఉండేది, ఇప్పుడు చాలావాటిలో 3 శాతం లోపే. చట్రం తుప్పు పట్టేకొద్దీ యాంటిమొనీ కరిగి నెగటివ్ వైపు చేరుతుంది. అందుకే శుద్ధమైన డిస్టిల్డ్ వాటరే పోసినా, ముసలి బ్యాటరీ కొత్తదానికన్నా ఎక్కువ నీళ్లు అడుగుతుంది. ఇందులో మీ తప్పేమీ లేదు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో స్టాండ్‌బైగా ఉండే బ్యాటరీలకు ఈ బెడద తప్పించడానికే 1930ల్లో అమెరికాలో బెల్ ల్యాబ్స్‌వాళ్లు యాంటిమొనీ తీసేసి కాల్షియం కలిపిన సీసాన్ని ముందుకు తెచ్చారు. ఇప్పటి మెయింటెనెన్స్-ఫ్రీ బ్యాటరీలకు మూలం అదే.

రెండో రకం ఇనుము. ఇది ప్లేటు మీద కూర్చోదు, యాసిడ్‌లో కరిగే ఉంటుంది. పాజిటివ్ ప్లేటు దగ్గరికి వెళ్లి ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకుని ఫెర్రిక్ రూపంలోకి మారుతుంది. అక్కడి నుంచి నెగటివ్ ప్లేటు దగ్గరికొచ్చి ఎలక్ట్రాన్ తీసుకుని మళ్లీ ఫెర్రస్ అవుతుంది, తిరిగి పాజిటివ్ వైపు బయల్దేరుతుంది. రెండిళ్ల మధ్య చాడీలు మోసే మనిషిలా అది అటూ ఇటూ తిరుగుతుంటే రెండు ప్లేట్లూ పాడవుతాయి గానీ దానికేమీ కాదు. అందుకే కొంచెం ఇనుమే నెలల తరబడి నష్టం చేస్తూ ఉండగలదు. ఇందులో గ్యాస్ పెద్దగా రాదు, నిశ్శబ్దంగా చార్జి దిగిపోతుంది. ఒక్క మంచి విషయం ఏమిటంటే, కరిగి ఉంటుంది కాబట్టి యాసిడ్‌తోపాటు దీన్ని బయటికి తీయడానికి వీలుంది.

మూడోది మాంగనీసు. పాజిటివ్ ప్లేటు దగ్గర ఇది పర్మాంగనేట్‌గా మారి యాసిడ్‌కు గులాబీ ఛాయ తెస్తుంది, ప్లేట్లు ఒకదానికొకటి తగలకుండా మధ్యలో పెట్టే సెపరేటర్లను తింటుంది, మాంగనీస్ డయాక్సైడ్ మడ్డిగా మారి ప్లేటు రంధ్రాల్లో పేరుకుంటుంది. కొన్ని చోట్ల బోరు నీళ్లలో ఇనుముతోపాటే ఇదీ ఉంటుంది.

క్లోరైడ్ లోహం కాదు గానీ వదిలేయడానికి లేదు. అది పాజిటివ్ చట్రాన్ని కొరుక్కుతింటుంది. కుళాయి నీళ్లు, బోరు నీళ్లు ఏవైనా లోహాలతోపాటు దీన్నీ వెంటబెట్టుకొస్తాయి.

జింక్, తగరం, కాడ్మియం కొద్ది మోతాదులో పెద్దగా హాని చేయవు. అలాగని జింక్ పూత బకెట్‌లో బ్యాటరీ నీళ్లు పెట్టకండి. పూత కింద ఉన్నది ఇనుమే.

మూడో అడుగు: దారులు మూయండి

అసలు పని ఇక్కడే ఉంది. పరీక్షలూ మరమ్మతులూ దీని తర్వాతే.

నీళ్లతో మొదలుపెడదాం. తాగునీటికి మన దేశ ప్రమాణం ఐఎస్ 10500. దాని ప్రకారం లీటరుకు 250 మిల్లీగ్రాముల క్లోరైడ్, 500 మిల్లీగ్రాముల మొత్తం లవణాలు ఉన్నా నీళ్లు మంచివే. అలాంటి నీళ్లు ఏడాదికి 4 లీటర్లు పోశారనుకోండి. 1 గ్రాము క్లోరైడ్, మొత్తం 2 గ్రాముల లవణాలు లోపలికి పోతాయి. నాలుగేళ్లకు 8 గ్రాములు. మనిషి తాగే నీరు వేరు, బ్యాటరీ తాగే నీరు వేరు. బ్యాటరీ నీళ్లకు ఐఎస్ 1069 అనే విడి ప్రమాణం ఉన్నది అందుకే.

ఊళ్లలో 20 లీటర్ల క్యాన్లలో అమ్మే "మినరల్ వాటర్" ఆర్వో నీళ్లే, డిస్టిల్డ్ వాటర్ కాదు. లవణాలు తగ్గుతాయి గానీ పూర్తిగా పోవు, రుచి కోసం కొన్ని ప్లాంట్లలో మామూలు నీళ్లు కొంచెం కలుపుతారు కూడా. ఏసీ నుంచి కారే నీళ్లు పట్టి పోసేవాళ్లున్నారు. అవి పుట్టేటప్పుడు ఆవిరి నీళ్లే, కానీ రాగి గొట్టాలు, అల్యూమినియం రేకుల మీదుగా, దుమ్ముతో కలిసి కారతాయి. రేకుల కప్పు మీద పడిన వాన నీళ్లదీ అదే తంతు. డిస్టిల్డ్ లేదా డీమినరలైజ్డ్ (లవణాలు తీసేసిన) నీళ్లే కొనండి. ఐదు లీటర్ల డబ్బాకు అయ్యే ఖర్చు బ్యాటరీ ధర ముందు ఎంత?

కొన్న నీళ్లను కూడా ఒకసారి టీడీఎస్ మీటరుతో (నీళ్లలో కరిగిన లవణాలను అంచనా వేసే చిన్న పరికరం) చూడండి. 5 పీపీఎం (పది లక్షల్లో 5 వంతులు) లోపు ఉంటే నిశ్చింతగా పోయవచ్చు, 10 దాటితే ఆ డబ్బా పక్కన పెట్టండి. ఈ మీటరు ఏ లోహం ఉందో చెప్పలేదు, మొత్తం ఎంత కరిగి ఉందో మాత్రమే అంచనా వేస్తుంది. యాసిడ్‌లో మాత్రం దీన్ని ముంచకండి, ఆ అంకెకు అర్థం ఉండదు.

ఇక యాసిడ్. యాసిడ్ లేకుండా పొడిగా వచ్చే కొత్త డ్రై బ్యాటరీ నింపేటప్పుడు తప్ప యాసిడ్ పోయాల్సిన అవసరం మామూలుగా రాదు. గ్రావిటీ (నీటితో పోలిస్తే యాసిడ్ ఎంత చిక్కగా ఉందో చెప్పే అంకె) తగ్గిందని యాసిడ్ పోసేవాళ్లను ఆపండి, తగ్గినది చార్జి గానీ యాసిడ్ కాదు. తప్పనిసరైతే బ్యాటరీ గ్రేడ్ అడిగి తీసుకోండి. ఐఎస్ 266 ప్రమాణంలో టెక్నికల్ గ్రేడ్, బ్యాటరీ గ్రేడ్ వేర్వేరుగా ఉన్నాయి. బాత్రూములు కడగడానికి, ఫ్యాక్టరీ పనులకు వాడే చవక యాసిడ్‌లో ఇనుము ఎక్కువ ఉంటుంది.

మూడోది పనిముట్లు. గరాటు, మగ్గు, గ్రావిటీ కొలిచే హైడ్రోమీటర్ గొట్టం ప్లాస్టిక్‌వో గాజువో ఉండాలి. ఇత్తడి గరాటు, స్టీలు గ్లాసు వద్దు. స్టీలంటే అందులో ఇనుముతోపాటు నికెల్ కూడా ఉంటుందని మర్చిపోకండి. లోపల నీళ్లెంత ఉన్నాయో చూడటానికి స్క్రూడ్రైవర్ దూర్చడం మలినానికి మలినం, షార్టుకు షార్టు.

నాలుగోది చాలామంది పట్టించుకోనిది. టెర్మినల్ దగ్గర కేబుల్ లగ్ (తీగ చివర బిగించే లోహపు ముక్క) చుట్టూ నీలంగా, పచ్చగా పూసే పొడి. అది రాగి మీద యాసిడ్ పడి ఏర్పడిన కాపర్ సల్ఫేట్. వెంట్ ప్లగ్గులు (సెల్‌ల మూతలు) తీసి ఉండగా దాన్ని తడిగుడ్డతో తుడిస్తే నేరుగా రాగినే సెల్‌లోకి దింపినట్టు. ముందు ప్లగ్గులన్నీ బిగించండి, ఆ తర్వాత వంట సోడా కలిపిన నీళ్లతో తుడిచి, ఆరబెట్టి, పెట్రోలియం జెల్లీ రాయండి. బ్యాటరీ పైభాగమంతా పొడిగా తుడిచాకే మూతలు తెరవండి.

"బ్యాటరీ లైఫ్ పెంచే" పొడులు, ద్రావణాలు అమ్ముతుంటారు. ఏమేం కలిశాయో డబ్బా మీద రాయని దేన్నీ సెల్‌లో వేయకండి.

నాలుగో అడుగు: రెస్ట్ టెస్ట్ చేయండి

అనుమానం వచ్చిన బ్యాటరీకి ఇంట్లోనే చేయగలిగిన పరీక్ష ఇది. కావలసినవి: హైడ్రోమీటర్, మల్టీమీటర్, థర్మామీటర్, ఒక పుస్తకం. కళ్లజోడు, రబ్బరు గ్లౌజులు వేసుకోండి. గాలి ఆడే చోట చేయండి, దగ్గర్లో మంట, సిగరెట్ వద్దు. గాలిలో హైడ్రోజన్ 4 శాతం చేరితే నిప్పురవ్వ చాలు.

నీటి మట్టం సరిచూసి, తక్కువగా ఉంటే పోసి, పూర్తిగా చార్జి చేయండి. నీళ్లు పోసిన వెంటనే హైడ్రోమీటర్ పెడితే తప్పు రీడింగ్ వస్తుంది. చార్జింగ్‌లో బుడగలు బాగా లేచి పైనీళ్లూ కింది యాసిడ్డూ కలిసేదాకా ఆగాలి.

చార్జర్ తీసేశాక రెండు కేబుళ్లూ విప్పేయండి. ఇన్వర్టర్ ఆఫ్‌లో ఉన్నట్టు కనిపించినా కొంచెం కరెంటు లాగుతూనే ఉంటుంది, దాన్ని తగిలించే ఉంచితే పరీక్ష మొత్తం దండగ. నాలుగైదు గంటలయ్యాక ఒక్కో సెల్ మూత దగ్గర చెవి పెట్టి వినండి. అప్పటికి బుడగల చప్పుడు ఆగిపోవాలి. ఇంకా వస్తోందంటే ఆ సెల్ నెగటివ్ ప్లేటు మీద రాగి, నికెల్ రకం మలినం చేరిందని అనుమానించాలి.

మర్నాడు ఆరు సెల్‌ల గ్రావిటీ, ఉష్ణోగ్రత, మొత్తం వోల్టేజి రాసుకోండి. మన దగ్గర గ్రావిటీని 27 డిగ్రీల దగ్గర లెక్కిస్తారు. అంతకన్నా ఎక్కువున్న ప్రతి డిగ్రీకీ 0.0007 కలపాలి, తక్కువుంటే తీసేయాలి. మే నెలలో 40 డిగ్రీల దగ్గర 1.231 చూపిస్తే అసలు విలువ 1.240. నిండుగా ఉన్న ట్యూబులర్ బ్యాటరీ సాధారణంగా ఇక్కడే ఉంటుంది. గ్రావిటీకి 0.84 కలిపితే సెల్ వోల్టేజి వస్తుంది. అంటే 2.08, ఆరింటికీ కలిపి 12.48 వోల్టులు. మీటరు అంకె దీనికి దగ్గరగా ఉంటే మీ రీడింగులు సరిగ్గా ఉన్నట్టే.

రెండు వారాలు కదపకుండా ఉంచి మళ్లీ కొలవండి. 1.240 నుంచి 1.235 దాకా, అంటే 5 పాయింట్ల లోపు తగ్గితే చింత లేదు. 20 పాయింట్లు దాటితే లోపల ఏదో ఉంది. మధ్యలో ఉంటే బ్యాటరీ వయసు, ఎండ తీవ్రత చూసి తేల్చుకోవాలి. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే సెల్ఫ్ డిశ్చార్జి సుమారు రెట్టింపవుతుంది కాబట్టి, డిసెంబరులో చేసిన పరీక్షను మే నెల పరీక్షతో పోల్చకండి.

అసలు కిటుకు సెల్‌లను ఒకదానితో ఒకటి పోల్చడంలో ఉంది. ఆరూ సమానంగా దిగజారితే తప్పు అన్నింటిలోకీ పోయిన నీళ్లదో, వయసుదో. ఒక్క సెల్ మాత్రమే పడిపోతే అందులో ఏదైనా పడి ఉండాలి, లేదా ప్లేట్లు లోపల షార్టయి ఉండాలి. షార్టయితే గంటల్లో, ఒకటి రెండు రోజుల్లో దిగిపోతుంది. మలినమైతే రోజుకు కొంచెం చొప్పున వారాలపాటు దిగుతుంది.

సల్ఫేషన్‌తోనూ పొరబడకండి. సల్ఫేట్ గట్టిపడిన బ్యాటరీ చార్జింగ్ పెట్టగానే వోల్టేజి గబగబా పైకెక్కుతుంది. మలినం చేరినది అందుకు విరుద్ధం, ఎంతసేపు పెట్టినా ఎక్కదు. వర్క్‌షాపులో స్థిరమైన కరెంటుతో చార్జి చేస్తే మంచి సెల్ చివర్లో 2.6 వోల్టులు దాటుతుంది, చెడింది 2.4 దగ్గరే ఆగి వేడెక్కుతుంది. ఇంటి ఇన్వర్టర్ వోల్టేజిని పరిమితం చేస్తుంది కాబట్టి అక్కడ చూడాల్సింది చివరి కరెంటు. బ్యాటరీ నిండాక కూడా కరెంటు తగ్గకపోతే అదే గుర్తు.

ఐదో అడుగు: మలినం పేరు తేల్చండి

ఇది బ్యాటరీ షాపులవాళ్లకు, కాలేజీ ల్యాబ్ అందుబాటులో ఉన్నవాళ్లకు. ఇనుముకైతే నమూనాను డిస్టిల్డ్ వాటర్‌తో పలచన చేసి, రెండు చుక్కల హైడ్రోజన్ పెరాక్సైడ్ వేసి, అమ్మోనియం థయోసయనేట్ కలపాలి. ఎర్రబడితే ఇనుముంది. క్లోరైడ్‌కైతే కొంచెం నైట్రిక్ యాసిడ్, ఆపైన సిల్వర్ నైట్రేట్. తెల్లగా పాలు విరిగినట్టయితే క్లోరైడ్ ఉంది. ప్రతిసారీ పక్కనే ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో అదే పరీక్ష చేసి పోల్చాలి. రాగి, నికెల్ అంత తక్కువ మోతాదులో ఈ పద్ధతులకు దొరకవు. అటామిక్ అబ్జార్ప్షన్ లాంటి యంత్రాలున్న ల్యాబ్‌కు శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో నమూనా పంపాలి. ప్లేటు మీద కూర్చున్న లోహం యాసిడ్ నమూనాలో కనిపించదన్నది గుర్తుంచుకుని రిపోర్టు చదవండి.

ఆరో అడుగు: చేరాక ఏం చేయవచ్చు

పొరపాటున బోరు నీళ్లు పోశామని ఆ రోజే తెలిస్తే చార్జింగ్ పెట్టకండి. చార్జింగే రాగి, నికెల్‌ను ప్లేటు మీదకు తోస్తుంది. వెంటనే యాసిడ్ మార్పించగలిగితే చాలావరకు బయటపడతారు. ఇనుము విషయంలో ఆలస్యమైనా యాసిడ్ మార్చడం పనిచేస్తుంది, ఒక్కసారికి పూర్తిగా పోకపోవచ్చు.

ఈ పని వర్క్‌షాపులోనే చేయించండి. బ్యాటరీని బోర్లిస్తే అడుగున పేరుకున్న మడ్డి ప్లేట్ల మధ్యకొచ్చి షార్టు చేస్తుంది, అందుకే గొట్టంతో లాగాలి. చార్జయిన నెగటివ్ ప్లేట్లు గాలి తగిలితే వేడెక్కి ఆక్సీకరణం చెందుతాయి కాబట్టి ఖాళీ చేసిన సెల్‌ను ఎక్కువసేపు ఉంచకూడదు. తీసేముందు గ్రావిటీ ఎంత ఉందో అంతే గ్రావిటీ ఉన్న కొత్త యాసిడ్‌తో నింపాలి. పలచన చేసేటప్పుడు నీళ్లలోకే యాసిడ్ పోయాలి, యాసిడ్‌లోకి నీళ్లు కాదు.

రాగి, నికెల్ ప్లేటుకెక్కి నెలలైతే, లేదా మాంగనీసుతో యాసిడ్ రంగు మారితే, డబ్బు ఖర్చుపెట్టకండి. మూత తెరవలేని సీల్డ్ బ్యాటరీలకూ ఇంతే. వాటిలో మలినం ఉంటే ఫ్యాక్టరీలో చేరిందే, గ్యాస్ పోయి ఎండిపోతే మళ్లీ నీళ్లు పోసే దారి లేదు. వారంటీ కాగితం వెతకడమే.

ఏడో అడుగు: కొనేటప్పుడు, తిరిగిచ్చేటప్పుడు

మన దేశంలో బ్యాటరీలకు వాడే సీసంలో పెద్ద భాగం పాత బ్యాటరీల నుంచే వస్తుంది. సరిగ్గా శుద్ధి చేస్తే తిరిగొచ్చిన సీసం కొత్తదానికి తీసిపోదు. కరిగించి చల్లారుస్తూ రాగిని తెట్టెగా తీయాలి, కాస్టిక్ సోడాతో యాంటిమొనీ, ఆర్సెనిక్, తగరం తొలగించాలి, వెండి ఎక్కువైతే జింక్ కలిపి వేరుచేయాలి. ప్లేటు పేస్టుకు 99.97 శాతం, అంతకు పైబడిన శుద్ధత చూస్తారు. నికెల్, టెల్యూరియం టన్నుకు కొన్ని గ్రాములున్నా ఎక్కువే. ఇదంతా షెడ్డులో బాణలి పెట్టి సీసం కరిగించేవాళ్ల వల్ల అయ్యే పని కాదు. పేరులేని చవక బ్యాటరీ, ప్లేట్లు మార్చి ఇచ్చే "రీకండిషన్డ్" బ్యాటరీ కొనేముందు సీసం ఎక్కడిదని అడిగి చూడండి, జవాబు దొరకదు.

పాత బ్యాటరీని డీలరుకో, గుర్తింపు ఉన్న రీసైక్లర్‌కో ఇవ్వండి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం వాడేసినవాటి సేకరణ, రీసైక్లింగ్ బాధ్యత తయారీదారులదే. యాసిడ్ ఒంపేసి తెమ్మనే పాతసామాన్ల వ్యాపారికి ఇవ్వకండి. ఆ యాసిడ్‌లో సీసం కలిసి ఉంటుంది, పెరట్లో పోస్తే బావిలోకి చేరేది అదే.